ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు

2022 అక్టోబరు. లైనక్స్ కెర్నెల్ 6.1 వెర్షన్‌కు కొత్త కోడ్ కలిపే పని జోరుగా సాగుతోంది. ప్రతి వెర్షన్‌కూ ఈ ఘట్టానికి దాదాపు రెండు వారాలే గడువు. ఎక్కడెక్కడి నుంచో వచ్చే వేలాది మార్పులను లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన కంప్యూటర్ మీద కలుపుతూ, కంపైల్ చేస్తూ పోతుంటారు. సరిగ్గా అప్పుడే ఆ కంప్యూటర్ మొండికేసింది. కంపైలర్ నడుస్తూ నడుస్తూ కూలిపోతుంది. అదే పని మళ్ళీ చేయిస్తే ఏమీ జరగనట్టు పూర్తవుతుంది. కాసేపటికి సంబంధం లేని మరో ప్రోగ్రామ్ పడిపోతుంది. కొత్తగా కలిపిన కోడ్‌లోనే ఏదో దోషం దూరిందని ఆయన మొదట అనుమానించారు. ఆ సమయంలో ఎవరైనా అదే అనుకుంటారు. పాత కెర్నెల్‌తో బూట్ చేసినా జబ్బు తగ్గలేదు. రాత్రంతా మెమొరీ పరీక్ష నడిపితే అసలు సంగతి బయటపడింది. రెండున్నరేళ్ళు ఏ పేచీ పెట్టకుండా పనిచేసిన ర్యామ్ స్టిక్ ఒకటి చెడిపోయింది.

హార్డ్‌వేర్‌లో తప్పు దొర్లితే పట్టుకుని, ఎక్కడ దొర్లిందో చెప్పి, వీలైతే నష్టాన్ని అక్కడికక్కడే ఆపే కోడ్ లైనక్స్ కెర్నెల్‌లో వేల వరసలు ఉంది. అది టోర్వాల్డ్స్ యంత్రంలోనూ ఉంది. కానీ నోరు మెదపలేదు. మెదపడానికి దానికి కబురు అందలేదు మరి. ఆ ర్యామ్‌లో తప్పును గుర్తించే ఏర్పాటే లేదు. కెర్నెల్ ఎంత తెలివైనదైనా, హార్డ్‌వేర్ ఒప్పుకున్న తప్పును మాత్రమే చూడగలదు. ఒప్పుకోని తప్పు దాని లెక్కలో జరగనట్టే.

కెర్నెల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ. విండోస్, ఆండ్రాయిడ్, లైనక్స్, ఏదైనా సరే, మనం వాడే యాప్‌లకూ కింద ఉన్న ప్రాసెసర్, మెమొరీ, డిస్కులకూ నడుమ ఉండి పంపకాలు చూసేది ఇదే. యాప్‌కు హార్డ్‌వేర్ ఎప్పుడూ నిజమే చెబుతుందనే నమ్మకం. మెమొరీలో 7 దాచుకుంటే 7 తిరిగి వస్తుందని, రెండు అంకెలు కూడమంటే సరిగ్గానే కూడుతుందని, రాసిన ఫైలు డిస్కు మీద ఉంటుందని అది అనుకుంటుంది. ఆ నమ్మకం వమ్మయినప్పుడు ఏం చేయాలో తేల్చే బాధ్యత కెర్నెల్ మీద పడుతుంది.

వమ్మవుతుందా అంటే, అవుతుంది. 1976లో మొట్టమొదటి క్రే-1 సూపర్ కంప్యూటర్‌ను అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో పెట్టి ఆరు నెలలు పరీక్షించారు. ఆ ఆరు నెలల్లో మెమొరీలో 152 పారిటీ తప్పులు నమోదయ్యాయి. లాస్ అలమోస్ సముద్ర మట్టానికి 2,200 మీటర్లకు పైన, కొండల మీద ఉంటుంది. అంత ఎత్తులో గాలి పొర పలచన. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు పుట్టే న్యూట్రాన్లు అక్కడ ఎక్కువగా తగులుతాయి. దశాబ్దాల తర్వాత ఆ పాత లెక్కలు తిరగేసిన పరిశోధకులు ఈ న్యూట్రాన్లనే దోషులుగా తేల్చారు. అటు 1978లో ఇంటెల్ శాస్త్రవేత్తలు తిమొతీ మే, ముర్రే వుడ్స్ మరో దొంగను పట్టుకున్నారు. చిప్పును కప్పి ఉంచే పింగాణీ తొడుగులోనే అతి స్వల్పంగా యురేనియం, థోరియం ఉన్నాయి. వాటి నుంచి వెలువడే ఆల్ఫా కణాలు మెమొరీ గదిలోని విద్యుదావేశాన్ని చెదరగొట్టి, 1ని 0గా, 0ని 1గా మార్చేస్తున్నాయి. చిప్పు చెడలేదు, అందులోని సమాచారం మాత్రం మారిపోయింది. ఇలాంటి వాటిని మెత్తని తప్పులు అంటారు. తిరిగి రాస్తే మళ్ళీ మామూలే.

మరి కంప్యూటర్‌కు తన జ్ఞాపకం చెదిరిందని ఎలా తెలుస్తుంది? పాత పద్ధతి పారిటీ. ప్రతి ఎనిమిది బిట్లకూ తొమ్మిదో బిట్ ఒకటి జోడించి, మొత్తంలో ఉన్న 1ల సంఖ్య సరి సంఖ్యో బేసి సంఖ్యో గుర్తుపెట్టుకోవడం. ఒక్క బిట్ తిరగబడితే లెక్క తప్పుతుంది. తప్పు జరిగిందని తెలుస్తుంది కానీ ఏ బిట్ తప్పిందో తెలియదు. 1981 నాటి ఐబీఎం పీసీలో ఈ ఏర్పాటు ఉండేది. తప్పు కనబడితే తెర మీద పారిటీ చెక్ అని రాసి, యంత్రం బిగదీసుకుని ఆగిపోయేది. వాడేవారికి మండిపోయేది. నిజానికి అది చేసింది మంచి పనే.

తప్పును కనిపెట్టడమే కాక దిద్దే దారి అంతకు ముందే దొరికింది. 1947 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ వారాంతాల్లో రిలేల కంప్యూటర్‌కు పని అప్పగించి వెళ్ళేవాడు. ఆపరేటర్లు ఉండని ఆ రెండు రోజుల్లో తప్పు తగిలితే యంత్రం ఆ పనిని వదిలేసి తరువాతి దానికి వెళ్ళిపోయేది. సోమవారం వచ్చి చూస్తే ఫలితం ఉండేది కాదు. తప్పు జరిగిందని పసిగట్టగల యంత్రం ఎక్కడ జరిగిందో కనుక్కుని ఎందుకు దిద్దుకోలేదు అన్న చిరాకులోంచి పుట్టినదే హామింగ్ కోడ్. 1950లో ప్రచురించారు. నేటి సర్వర్లలో వాడే ఈసీసీ మెమొరీ దాని వారసత్వమే. 64 బిట్ల సమాచారానికి 8 అదనపు బిట్లు జోడిస్తారు. ఒక బిట్ తప్పితే ఏదో తెలుసుకుని దిద్దుతుంది. రెండు తప్పితే దిద్దలేదు కానీ, తప్పాయని ఖాయంగా చెబుతుంది. ఈ రెండో గుణమే కెర్నెల్‌కు ప్రాణం.

1990లలో పీసీల ధరలు తెగ్గోసే పోటీలో ఆ తొమ్మిదో బిట్ మామూలు కంప్యూటర్ల నుంచి ఎగిరిపోయింది. ఈసీసీ సర్వర్ల సొత్తయింది. మామూలు ప్రాసెసర్లకు ఈసీసీ దక్కకుండా చేసిన ఇంటెల్ విధానం మీద టోర్వాల్డ్స్ 2021 ఆరంభంలో బహిరంగంగానే దుమ్మెత్తిపోశారు. రెండేళ్ళు తిరగకుండానే ఆయన ర్యామే ఆ వాదనకు సాక్ష్యం చెప్పింది.

ఇప్పుడు ఈసీసీ ఉన్న యంత్రం లోపలికి వెళ్దాం. మెమొరీ నుంచి వచ్చిన సమాచారంలో ఒక బిట్ తేడా ఉంది. మెమొరీ కంట్రోలర్ దాన్ని దిద్ది ప్రాసెసర్‌కు అందించింది. ప్రోగ్రామ్‌కు ఏమీ తెలియదు. కానీ ప్రాసెసర్‌లో మెషీన్ చెక్ అనే విభాగం ఉంటుంది. పెంటియం ప్రో కాలం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో దీనికి కొన్ని బ్యాంకులు, అంటే చిట్టా రాసుకునే రిజిస్టర్ల సముదాయాలు ఉన్నాయి. ప్రతి బ్యాంకులోనూ 64 బిట్ల స్థితి రిజిస్టర్ ఒకటి. అందులో పై బిట్లు ఒక్కొక్కటీ ఒక్కో జవాబు. 63వ బిట్, ఈ నమోదు చెల్లుతుందా? 62, దీన్ని చదవకముందే మరో తప్పు కూడా వచ్చిపడిందా? 61, ఇది దిద్దలేని తప్పా? 58, తప్పు జరిగిన చిరునామా తెలుసా? 57, ప్రాసెసర్ తాను ఎక్కడ ఉందో, ఏం చేస్తోందో కూడా మరిచిపోయిందా? కెర్నెల్ తీర్పు చాలావరకు ఈ కాసిని బిట్ల మీదే ఆధారపడుతుంది.

దిద్దిన తప్పులకు తొందర లేదు. కెర్నెల్ మామూలుగా ఐదు నిమిషాలకోసారి బ్యాంకులన్నీ తిరిగి చూసుకుంటుంది. ఏదైనా దొరికితే ఆ విరామాన్ని సగానికి తగ్గించుకుని మరింత తరచుగా చూస్తుంది. ప్రశాంతంగా ఉంటే మళ్ళీ పెంచుకుంటుంది. తరువాతి ప్రాసెసర్లలో తప్పు జరగ్గానే ప్రాసెసరే ఇంటరప్ట్ పంపి పిలిచే వీలు వచ్చింది. లైనక్స్‌లో మెమొరీ కంట్రోలర్ల లెక్కలు చూసే ఈడాక్ అనే భాగం 2006లో కెర్నెల్‌లో చేరింది. అంతకు ముందు దాని పేరు బ్లూస్మోక్. చిప్పు కాలితే వచ్చే నీలి పొగ అన్నమాట. ఇంజినీర్ల హాస్యం అలాగే ఉంటుంది.

దిద్దేశాక ఇంక లెక్క ఎందుకు అని అడగవచ్చు. వాన జల్లు కిటికీలోంచి ఒకసారి పడటం వేరు, ఇంటి కప్పు ఒకే చోట రోజూ కారడం వేరు. మొదటిదాన్ని తుడిచేస్తాం, రెండోదానికి మేస్త్రీని పిలుస్తాం. గూగుల్ తన యంత్రాల్లో అధిక భాగాన్ని దాదాపు రెండున్నరేళ్ళు గమనించి 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్ళు తెరిపించింది. ఏడాదిలో దాదాపు మూడో వంతు యంత్రాలు కనీసం ఒక దిద్దదగిన మెమొరీ తప్పును చూశాయి. విడివిడి స్టిక్కుల లెక్కలో అది 8 శాతానికి పైమాట. అప్పటిదాకా అనుకున్నదానికంటే ఇది చాలా ఎక్కువ. పైగా తప్పులు అందరికీ సమానంగా పంచినట్టు లేవు. ఒకసారి తప్పిన స్టిక్కే మళ్ళీ మళ్ళీ తప్పుతోంది. అంటే కాస్మిక్ కిరణాల మీదకు నెట్టేసిన నేరంలో పెద్ద వాటా నిజానికి అరిగిన, లోపమున్న చిప్పులదే. ఒకే చిరునామాలో పదే పదే దిద్దుబాటు జరుగుతోందంటే, రేపో మాపో పక్క బిట్ కూడా పోయి, దిద్దలేని తప్పుగా మారే అవకాశం ఉంది.

అందుకే కెర్నెల్ ముందు జాగ్రత్త పడుతుంది. మెమొరీని అది పేజీలుగా, సాధారణంగా 4,096 బైట్ల ముక్కలుగా విభజించి వాడుకుంటుంది. ఒక పేజీలో తప్పుల లెక్క హద్దు దాటితే, అందులోని సమాచారాన్ని చప్పుడు చేయకుండా వేరే పేజీకి తరలించి, పాత పేజీని చలామణీ నుంచి తీసేస్తుంది. దాన్ని వాడుతున్న ప్రోగ్రామ్‌కు తన కింద నేల మారిన సంగతే తెలియదు. ఎంసీలాగ్ అనే పాత సహాయక ప్రోగ్రామ్‌లో ఆ హద్దు, మార్చకపోతే, 24 గంటల్లో 10 తప్పులు. 128 గిగాబైట్ల యంత్రంలో ఒక పేజీ పోతే పోయిందేముంది?

ఇక దిద్దలేని తప్పు. ఇక్కడ వేచి చూడటం ఉండదు. ప్రాసెసర్ చేస్తున్న పనిని ఆపి 18వ నంబరు ఎక్సెప్షన్‌తో నేరుగా కెర్నెల్ తలుపు కొడుతుంది. దాన్నే మెషీన్ చెక్ ఎక్సెప్షన్ అంటారు. ఇంటెల్ యంత్రాల్లో ఈ గంట చాలాకాలం పాటు ఒక్క కోర్‌కు మోగేది కాదు, అన్నిటికీ ఒకేసారి మోగేది. యాభై, వంద కోర్లు ఉన్నా, అన్నీ చేతిలో పని వదిలేసి ఒకచోట చేరాలి. అందులో ముందుగా వచ్చినదాన్ని కెర్నెల్ కోడ్ మోనార్క్ అని పిలుస్తుంది. మిగతా కోర్లు తమ తమ బ్యాంకుల్లో ఏముందో చెబితే, వాటన్నిటిలోకీ తీవ్రమైనది ఏదో చూసి తీర్పు చెప్పేది ఆ మోనార్కే. ఏదైనా కోర్ రాకపోతే ఎల్లకాలం ఎదురుచూడదు. గడువు దాటితే అదే ఒక చెడు వార్తగా తీసుకుంటుంది. ఈ తతంగం నడుస్తుండగా మరో మెషీన్ చెక్ వచ్చిపడితే ప్రాసెసర్ ఇక కెర్నెల్‌ను అడగదు, పని మానేస్తుంది. కాబట్టి ఈ కోడ్ రాసేవాళ్ళు నిప్పుల మీద నడుస్తున్నట్టే రాయాలి. తామే మళ్ళీ చెడిన చోటును ముట్టుకోకూడదు.

తీర్పు ఏమిటన్నది చెడినది ఎవరి సొత్తు అన్నదాన్ని బట్టి ఉంటుంది. 57వ బిట్ వెలిగి, ప్రాసెసర్ తన స్థితే తాను మరిచిపోయానంటే చర్చ లేదు, కెర్నెల్ పానిక్ అయి యంత్రాన్ని ఆపేస్తుంది. అలా కాక చెడిన చిరునామా స్పష్టంగా తెలిస్తే, బతికి బయటపడే దారి వెతుకుతుంది. 2010లో వచ్చిన పెద్ద జియాన్ ప్రాసెసర్లు ఈ వెసులుబాటు ఇచ్చాయి. వాటి కోసం ముందుగానే 2009 డిసెంబరులో వచ్చిన లైనక్స్ 2.6.32లో హెచ్‌డబ్ల్యూపాయిజన్ అనే భాగాన్ని చేర్చారు. పేరులో ఉన్నట్టే, చెడిన పేజీకి అది విషం అని ముద్ర వేస్తుంది. ఆ పేజీలో ఉన్నది డిస్కులోని ఫైలుకు మార్పులేని నకలు అయితే గొడవే లేదు. నకలును పారేసి, మళ్ళీ డిస్కు నుంచి చదువుకోవచ్చు. ఏదో ఒక ప్రోగ్రామ్ సొంత సమాచారమైతే ఆ ప్రోగ్రామ్‌కు మాత్రమే సిగ్‌బస్ అనే సంకేతం పంపుతుంది. మామూలు ప్రోగ్రామ్ ఆ దెబ్బకు చచ్చిపోతుంది, మిగతా యంత్రం బతుకుతుంది. ఆ సంకేతంతో పాటు చెడిన చిరునామా కూడా వస్తుంది కాబట్టి, తెలివిగా రాసిన ప్రోగ్రామ్ ఆ ముక్కను వదులుకుని ముందుకు పోవచ్చు. వర్చువల్ యంత్రాలను నడిపే క్యూఎమూ అదే చేస్తుంది. దెబ్బను లోపలి వర్చువల్ యంత్రానికి అందిస్తుంది. అప్పుడు ఆ లోపలి కెర్నెల్ కూడా ఇదే విచారణ జరిపి, వీలైతే ఒక్క ప్రోగ్రామ్‌నే బలి ఇస్తుంది.

చెడిన పేజీ కెర్నెల్ సొంత సమాచారానిదైతే? చాలా సందర్భాల్లో పానిక్ తప్ప మార్గం లేదు. ఇక్కడ చాలామంది కెర్నెల్‌ను తిట్టుకుంటారు. నా దృష్టిలో కెర్నెల్ చేసే పనుల్లోకెల్లా బాధ్యతగల పని ఇదే. తప్పుడు చిరునామాను నమ్మి నడిస్తే మీ బ్యాంకు ఖాతా ఫైలు మీద వేరొకరి ఫొటో రాయవచ్చు. ఆగిపోయిన యంత్రాన్ని మళ్ళీ ఆన్ చేయవచ్చు, తప్పుగా రాసేసిన డిస్కును వెనక్కి తేవడం కష్టం.

పానిక్ అయ్యాక కారణం ఎలా తెలుస్తుంది అనేది మరో చిక్కు. తెర ఆగిపోయింది, లాగ్ ఫైలులో రాయడానికి వ్యవధి లేదు. అదృష్టం కొద్దీ మెషీన్ చెక్ బ్యాంకుల్లోని నమోదులు, కరెంటు తీసేయకుండా రీసెట్ చేస్తే, సాధారణంగా చెరిగిపోవు. తరువాత బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్ వాటిని చదివి చిట్టాలో చేరుస్తుంది. సర్వర్లలో అయితే చనిపోయే ముందు ఆఖరి నమోదును మదర్‌బోర్డులోని శాశ్వత మెమొరీలో దాచే ఏర్పాటు కూడా ఉంటుంది. కాబట్టి సర్వర్ ఆగిపోయిందని వెంటనే ప్లగ్ పీకేసే అలవాటు మంచిది కాదు. సాక్ష్యం దానితోపాటే పోవచ్చు.

పాత లైనక్స్ కెర్నెళ్ళు ఇలాంటి మెషీన్ చెక్ సందేశం చివర ఒక వాక్యం అచ్చేసేవి. ఇది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు, హార్డ్‌వేర్ అమ్మినవారిని సంప్రదించండి అని దాని సారాంశం. యంత్రం పడిపోయిన ప్రతిసారీ తమకే ఉత్తరాలు వస్తుంటే విసిగిన ప్రోగ్రామర్ల గొంతు అందులో వినిపిస్తుంది. ఇప్పుడు అలాంటి ప్రతి వరస ముందూ హార్డ్‌వేర్ ఎర్రర్ అన్న ముద్ర ఉంటుంది. సరదా సందేశాలకూ కొదవ లేదు. కారణం తెలియని అత్యవసర ఇంటరప్ట్ వచ్చినప్పుడు, తల తిరిగి అయోమయంగా ఉన్నా నడవడానికి ప్రయత్నిస్తున్నానని లైనక్స్ ఇంగ్లిషులో వాపోతుంది. ప్రింటర్ తనకేదో అయిందని చెప్పి, కాగితం అయిపోలేదంటూ, ఆఫ్‌లైన్‌లోనూ లేనంటే, ఇక మిగిలింది ఒకటే అన్నట్టు ప్రింటర్‌కు నిప్పంటుకుందని రాస్తుంది. చదివితే నవ్వొస్తుంది కానీ విషయం గట్టిదే. హార్డ్‌వేర్ ఇచ్చే సమాచారం ఒకటి రెండు బిట్లయితే, కెర్నెల్ మాత్రం అంతకు మించి ఏం చెప్పగలదు?

విండోస్‌లో ఇదే బాధ్యత వియా అనే వ్యవస్థది. విస్టా, సర్వర్ 2008 కాలంలో వచ్చింది. నీలి తెర మీద వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అని, 124 అనే సంఖ్యతో కనబడితే అది దిద్దలేని హార్డ్‌వేర్ తప్పు అని అర్థం. డ్రైవర్లు తిరగేసి సమయం వృథా చేసుకునే ముందు వేడి, ఓవర్‌క్లాకింగ్, ర్యామ్, ప్రాసెసర్ వైపు చూడాలి.

ఇంతవరకు హార్డ్‌వేర్‌కూ కెర్నెల్‌కూ నడుమ ఎవరూ లేనట్టు చెప్పాను. చాలా సర్వర్లలో ఆ నడుమ ఫర్మ్‌వేర్, అంటే మదర్‌బోర్డులోనే ఇమిడి ఉండే సాఫ్ట్‌వేర్, ఉంటుంది. తప్పు కబురు ముందు దానికి వెళ్తుంది. అది చూసి, వడపోసి, తనకు తోచింది ఒక నిర్ణీత నమూనాలో రాసి కెర్నెల్‌కు ఇస్తుంది. మదర్‌బోర్డు సంగతులు దానికే బాగా తెలుసు, ఏ స్లాట్‌లోని ఏ స్టిక్కో కచ్చితంగా చెప్పగలదు అన్నది తయారీదారుల వాదన. అందులో నిజం ఉంది. కానీ దిద్దిన తప్పులను ఫర్మ్‌వేర్ తన దగ్గరే దాచుకుంటే, కెర్నెల్ చిట్టా తెల్లకాగితంలా మెరుస్తూ ఉంటుంది, ఒకరోజు ఉన్నట్టుండి యంత్రం పడిపోతుంది. మూసిపెట్టిన ఫర్మ్‌వేర్ కంటే అందరూ చదవగల కెర్నెల్ కోడ్ చేతిలో ఈ లెక్కలు ఉండటమే మేలని నా అభిప్రాయం.

ఎక్కువ చెప్పినా తంటానే. గ్రాఫిక్స్ కార్డులు, ఎస్సెస్‌డీలు, వైఫై కార్డులు కూర్చునే పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో ప్రతి పొట్లానికీ సరిచూసే సంకేతం ఉంటుంది. పాడైన పొట్లాన్ని మళ్ళీ పంపిస్తారు, పని ఆగదు. కానీ కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ దిద్దుబాటు కబుర్లు కుప్పలు తెప్పలుగా వచ్చి లాగ్ ఫైళ్ళు డిస్కును నింపేస్తాయి. విసిగిపోయినవాళ్ళు బూట్ ఎంపికల్లో ఆ నివేదికనే మూసేస్తారు. పరికరాన్ని తీసి మళ్ళీ గట్టిగా అమర్చడమో, విద్యుత్ ఆదా అమరికను మార్చి చూడటమో ముందు చేయాల్సిన పని.

మెమొరీ తరువాత అంతగా ఆలోచించాల్సింది డిస్కు. ప్రోగ్రామ్ ఫైలు రాయమంటే కెర్నెల్ ముందు దాన్ని ర్యామ్‌లో ఉంచుకుని, సరే అంటుంది. డిస్కు మీదకు తీరిగ్గా పంపుతుంది. అప్పుడు డిస్కు మొరాయిస్తే? ప్రోగ్రామ్ ఎప్పుడో ముందుకు పోయింది. ఎఫ్‌సింక్ అనే పిలుపుతో నిజంగా డిస్కు చేరిందా అని అడిగినప్పుడే కెర్నెల్ ఆ పాత తప్పు సంగతి చెబుతుంది. 2018లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ రాసేవాళ్ళకు ఇక్కడ గుండె ఆగినంత పనైంది. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్ళీ అడుగుదాం, సరే అంటే చేరినట్టే అని వాళ్ళు ఏళ్ళ తరబడి నమ్మారు. లైనక్స్ మాత్రం రాత విఫలమైనా ఆ పేజీలు ఇక రాయాల్సినవి కావని గుర్తు తీసేసి, తప్పును ఒకసారే చెబుతుంది. రెండోసారి అడిగితే రాయాల్సింది ఏమీ లేదు కాబట్టి అంతా బాగుందనే చెబుతుంది. సమాచారం మాత్రం ఎక్కడా లేదు. కొన్ని పరిస్థితుల్లో తప్పు కబురు అడిగినవారికి కాక వేరే ప్రోగ్రామ్‌కు చేరిపోయేది కూడా. ఈ లోపాన్ని దిద్దే పని 2017 నాటి 4.13 వెర్షన్‌లోనే మొదలైంది. పోస్ట్‌గ్రెస్ 2019 ఫిబ్రవరిలో పద్ధతి మార్చుకుంది. ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైనా ఇప్పుడు అది తానే కూలిపోయి, ముందుగా రాసిపెట్టుకున్న చిట్టా నుంచి తిరిగి కోలుకుంటుంది. కెర్నెల్ దారే డేటాబేస్ కూడా పట్టింది.

అన్నిటికంటే భయపెట్టేది ప్రాసెసరే తప్పు లెక్క చేసి, మెషీన్ చెక్‌కు కూడా చెప్పకపోవడం. 2021లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు అలాంటి కథ ఒకటి ప్రచురించారు. ఫైళ్ళను కుదించి, మళ్ళీ విప్పే వ్యవస్థలో కొన్ని ఫైళ్ళు మాయమవుతున్నాయి. వెతగ్గా వెతగ్గా దోషం ఒక యంత్రంలో ఒక్క కోర్ దగ్గర తేలింది. 1.1కి 53వ ఘాతం కట్టి పూర్ణాంకం చెప్పమంటే 156 రావాలి, ఆ కోర్ 0 అంటోంది. ఫైలు పరిమాణం 0 అని లెక్క వస్తే రాయడానికేముంది? చిత్రమేమిటంటే ఘాతం మారిస్తే అదే కోర్ చాలా లెక్కలు సరిగ్గానే చేస్తోంది. అదే ఏడాది గూగుల్ కూడా వేల యంత్రాలకు కొన్ని చొప్పున ఇలాంటి కోర్లు కనిపిస్తున్నాయని రాసింది. ఒక కోర్ అయితే సంకేత లిపిలోకి తప్పుగా మార్చి, తానే విప్పినప్పుడు అదే తప్పుతో సరిగ్గా విప్పేది. వేరే కోర్ మీద విప్పితే చెత్త వచ్చేది. ఇలాంటి చోట కెర్నెల్‌కు ఏ బ్యాంకులోనూ ఏ బిట్టూ వెలగదు. 2022లో వచ్చిన లైనక్స్ 5.19లో, కొత్త ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ల కోర్లను పని మధ్యలోనే పరీక్షించే ఇన్-ఫీల్డ్ స్కాన్ అనే డ్రైవర్ చేరింది. తప్పు కబురు కోసం ఎదురుచూడకుండా కెర్నెలే వెళ్ళి అడగడం మొదలైందన్నమాట. ఇది ఇంకా తొలి అడుగే.

దుకాణాల్లో ఇప్పుడు డీడీఆర్5 ర్యామ్‌కు ఈసీసీ ఉందని చెప్పి అమ్ముతుంటారు. అది సగం నిజం. ఆ చిప్పులు తమ లోపల తలెత్తే ఒక బిట్ తప్పును తామే దిద్దుకుంటాయి. కానీ చిప్పుకూ ప్రాసెసర్‌కూ నడుమ దారిలో జరిగే తప్పులను పట్టవు, దిద్దిన ప్రతి తప్పు సంగతీ కెర్నెల్‌కు చెప్పవు. పూర్తి ఈసీసీ కావాలంటే స్టిక్కు, ప్రాసెసర్, మదర్‌బోర్డు మూడూ దానికి ఒప్పుకోవాలి. కొనే ముందు మూడిటి వివరాలూ విడివిడిగా చూసుకోవాలి.

ఇంట్లో ఈసీసీ లేని కంప్యూటర్ వాడుతూ, కారణం లేకుండా ప్రోగ్రామ్‌లు పడిపోతుంటే, ఫైళ్ళు పాడవుతుంటే, విండోస్ మళ్ళీ వేసే ముందు ఒక రాత్రి మెమొరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ నడిపి చూడండి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ చిట్టాలో వియా-లాగర్ పేరున నమోదులు ఉన్నాయేమో వెతకండి. లైనక్స్‌లో డీమెసేజ్ ఆదేశంతో వచ్చే వరసల్లో హార్డ్‌వేర్ ఎర్రర్ అన్న మాట కోసం చూడండి. కళాశాలలోనో, ఆసుపత్రిలోనో, చిన్న ఆఫీసులోనో సర్వర్ చూసుకునే బాధ్యత మీదైతే, అందులో ఈ తప్పుల లెక్కలు పోగుచేసే రాస్‌డెమాన్ అనే ప్రోగ్రామ్ నడుస్తోందో లేదో ఈ వారమే సరిచూసుకోండి. ఈసీసీకి డబ్బు పెట్టి కొన్న చాలా యంత్రాల్లో కెర్నెల్ రాసిన లెక్కలను తెరిచి చూసేవారే ఉండరు.